రిఫర్ చీటీలో రాయని పేరు

సంపాదకులకు,

రాత్రి 11 గంటలకు ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాసిచ్చే అరపేజీ చీటీ గురించి ఈ ఉత్తరం. దాని మీద రోగి పేరు, ఊరు, వయసు ఉంటాయి. కింద ఒక్క ముక్క: ‘మానసిక రోగి, గొడవ చేస్తున్నాడు, పెద్దాసుపత్రికి రిఫర్’. అవతల ఎవరితో మాట్లాడి పంపుతున్నారో రాయరు. అక్కడ బెడ్ ఖాళీగా ఉందో లేదో రాయరు. ఇక్కడ ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి చేశారో చాలా చీటీల్లో కనపడదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, మనిషిని తువ్వాలుతో కట్టి, కిరాయి బండిలో గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి 300 కిలోమీటర్లు హైదరాబాద్‌కు వస్తారు. తెల్లారేసరికి గేటు దగ్గర మొదటి ప్రశ్న: ‘ఒళ్లు కాలిపోతోంది కదా, ముందు జనరల్ ఆసుపత్రిలో చూపించారా?’

తెలంగాణలో మూడు రకాల కుటుంబాలు ఈ చీటీతో తిరుగుతున్నాయి. మతి చెదిరిన మనిషో, చావాలనుకున్న మనిషో ఉన్న ఇల్లు ఒకటి. మందో, కల్లో, గంజాయో పట్టుకున్న ఇల్లు ఒకటి. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న బిడ్డ ఉన్నట్టుండి అదుపు తప్పిన ఇల్లు ఇంకొకటి. వైద్యం ఒక శాఖ, మత్తు విముక్తిలో సగం మరో శాఖ, వికలాంగుల సంక్షేమం వేరే శాఖ. ఈ మూడు బాధలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. ఆపద వచ్చిన రాత్రి అది ఎవరి కేసో తేల్చడానికే తెల్లారిపోతుంది. మేం అడిగేది కొత్త నంబరూ కాదు, కొత్త భవనమూ కాదు. మొదటి ఫోన్ ఎత్తిన క్షణం నుంచి వారం తర్వాత ఇంటికెళ్లి పలకరించేదాకా, ఆ కేసు ఈ గంటలో ఎవరి చేతిలో ఉందో పేరుతో సహా తెలిసే ఏర్పాటు కావాలి.

నంబర్లకు మనకు కొదవ లేదు. అంబులెన్సుకు 108, పోలీసుకు 112, మానసిక సాయానికి టెలీ మానస్ 14416, మత్తు విముక్తికి 14446, పిల్లలకు 1098, మహిళలకు 181, పెద్దవాళ్లకు 14567. ప్రతి నంబరు వెనకా పనిచేసే మనుషులున్నారు. టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది, ముందు కౌన్సెలర్, అవసరమైతే ఆపైన నిపుణుడు మాట్లాడతారు. వాళ్ల చేతిలో బండి ఉండదు. బండి ఉన్న 108 సిబ్బందికి మానసిక ఆపదలో ఎలా మెలగాలో శిక్షణ తక్కువ. అందుకే ‘ఇంకో నంబరు చెబుతాను, రాసుకోండి’ అనే మాట వస్తుంది. పురుగుమందు డబ్బా పట్టుకున్న భర్త ఎదుట నిలబడ్డ భార్య చేతిలో ఆ సమయంలో పెన్నుండదు.

కాల్ అప్పగించడం అంటే ఇలా ఉండాలి. కౌన్సెలర్ ఫోన్ పెట్టేయకుండానే 108ని అదే లైన్లోకి కలపాలి, అడ్రసు తనే చెప్పాలి, బండి గుమ్మం ముందు ఆగేదాకా లైన్లో ఉండాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది పేరు కాదు, ఊరు, మండలం, ఇంటి దగ్గర ఆనవాలు. చార్జింగ్ అయిపోయి ఫోన్ కట్టయితే చేతిలో మిగిలేది అదే. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు. చేతికందే దూరంలో తాడు, పురుగుమందు, కత్తి ఏమున్నాయి? తాగుడు అలవాటుందా, చివరిసారి ఎప్పుడు తాగాడు? జ్వరం, ఫిట్స్, తలకు దెబ్బ ఉన్నాయా? పక్కన ఇంకెవరున్నారు? ఈ జవాబులు అంబులెన్సులో వచ్చే అత్యవసర సహాయకుడికి (ఈఎంటీకి), ఆయన నుంచి క్యాజువాలిటీ నర్సుకు అవే మాటల్లో చేరాలి. ఇప్పుడైతే తల్లి అదే కథ ఒకే రాత్రి నలుగురికి మొదటి నుంచీ చెప్పుకుంటోంది. నాలుగోసారికి ముఖ్యమైనది ఒకటి మరిచిపోతుంది.

తాగుడు ఎప్పుడు మానేశాడన్న ప్రశ్నకు కారణం ఉంది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఆరు గంటల తర్వాత చేతులు వణకడం మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతిభ్రమ వస్తుంది. లేని పాములు, పురుగులు కనపడతాయి, ఒళ్లంతా చెమటలు, గుండె దడ, జ్వరం. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఈ లెక్క తెలియక జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. కాలు విరిగి సర్జికల్ వార్డులో చేరతాడు, మూడో రోజు రాత్రి సెలైన్ పీకేసి పరుగెడతాడు, ‘పిచ్చి పట్టింది’ అని చీటీ రాస్తారు. లేదా ఏదో కేసులో రిమాండుకు వెళతాడు, మూడో రోజు జైల్లో పడిపోతాడు. చేర్చుకునేటప్పుడే ‘రోజూ ఎంత తాగుతావు, ఆఖరిసారి ఎప్పుడు’ అని రాసుకుని, వణుకు, చెమట, కంగారు లాంటి పది లక్షణాలకు మార్కులు వేసే సివా పట్టీతో పూటపూటా చూస్తే చాలావరకు ముందే పట్టుకోవచ్చు. 8 లోపు మార్కులైతే కనిపెట్టుకుని ఉండటం, 15 దాటితే ఆలస్యం లేకుండా మందు. ఇది నర్సు అయిదు నిమిషాల్లో చేయగల పని.

మన దగ్గర దీనికి కల్తీ కల్లు తోడైంది. ఇతర రాష్ట్రాల పద్ధతులు తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోనిది ఈ విషయంలోనే. కల్లులో కలిపే మత్తుమందులు ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్‌కు ఒళ్లు అలవాటు పడుతుంది. ఏ దుకాణంలో ఎంత పొడి కలిపారో తాగినవాడికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆల్ప్రజోలం ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టకపోవడం, నాలుక తడబడటం, ఫిట్స్, భ్రమలు మొదలవుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రికి వచ్చినవాళ్ల వరసలు రాష్ట్రమంతా చూసింది. లాక్‌డౌన్ లేకపోయినా ఎక్సైజ్ దాడి జరిగిన ప్రతిచోటా చిన్న ఎత్తున ఇదే జరుగుతుంది. దుకాణం మూయించడం తప్పని మేం అనడం లేదు, మూయించాల్సిందే. కానీ మూయించిన గంటలోనే జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటుకు ‘ఫలానా మండలంలో ఇన్ని దుకాణాలు ఆగాయి’ అని సమాచారం అందితే, రెండు రోజుల తర్వాత వచ్చేవాళ్లకు డయాజిపాం నిల్వ, నాలుగు బెడ్లు, ఆశా కార్యకర్తలకు ఒక హెచ్చరిక సిద్ధంగా ఉంటాయి. రెండు శాఖల మధ్య ఆ ఒక్క ఫోన్‌కు పైసా ఖర్చు లేదు.

క్యాజువాలిటీ మందుల అలమరా సంగతీ చెప్పాలి. లొరాజిపాం ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మే నెలలో బల్ల సొరుగులో పడి ఉన్న యాంపూల్ చేసి ‘మందు పట్టడం లేదు’ అని మళ్లీ చేస్తారు, ఆపైన ఇంకోటి చేస్తారు. తాగుడు మానిన మనిషికి ఒక్క హలోపెరిడాల్ మాత్రమే చేసి బండెక్కిస్తే దారిలో ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సీసా మొదట తగిలిస్తారు, బి1 విటమిన్ అయిన థయమిన్ తర్వాత గుర్తొస్తుంది. థయమిన్ ముందో, కనీసం దానితోపాటో వెళ్లాలి, లేకుంటే అసలే తిండి లేక బి1 అడుగంటిన మెదడు దెబ్బతింటుంది. లొరాజిపాం, డయాజిపాం, హలోపెరిడాల్, ప్రొమెథజిన్, థయమిన్, నాలోక్సోన్, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే: ఈ ఏడూ ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఏ రాత్రైనా ఉండాలి. ఖరీదైన జాబితా ఏమీ కాదిది.

ఇక గేటు దగ్గరి ఆ ప్రశ్న. జనరల్ ఆసుపత్రి ‘మానసిక కేసు’ అంటుంది, మానసిక ఆసుపత్రి ‘ముందు ఫిజీషియన్ క్లియరెన్స్’ అంటుంది. రెండిటి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఏనాడూ ఇలా లేని మనిషి జ్వరంతో ఒక్కసారిగా పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది మెదడు ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండవచ్చు, షుగరు తగ్గి ఉండవచ్చు. కాబట్టి పంపే చోటే చేయాల్సినవి రెండు వైపులా ముందే ఒప్పుకుని రాసుకోవాలి: వేలి మీద షుగరు, జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్, తలకు దెబ్బ ఉందా, కంటిపాపలు సమానంగా ఉన్నాయా, వీలుంటే సోడియం, ఈసీజీ. ఇవి చేసి సంతకం పెట్టిన కేసును అవతలివాళ్లు గేటు దగ్గర తిప్పి పంపకూడదు. తిప్పి పంపితే ఎవరు, ఎన్నింటికి, ఎందుకు పంపారో అదే చీటీ వెనక రాయాలి.

చట్టం ఇందుకు అడ్డం లేదు. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయం ఉన్నప్పుడు, తనకో ఇతరులకో తీవ్ర హాని జరిగేలా ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయవచ్చు. సైకియాట్రిస్టే అయి ఉండాలని లేదు. ‘నేను ముట్టుకుంటే కేసవుతుంది’ అనే భయం ఏరియా ఆసుపత్రి డ్యూటీ డాక్టర్లలో ఇప్పటికీ ఉందంటే, ఆ ఒక్క సెక్షన్‌ను తెలుగులో అచ్చువేసి క్యాజువాలిటీ గోడకు అంటించకపోవడమే కారణం. షాక్ చికిత్స మాత్రం ఈ అత్యవసర నిబంధన కింద చేయకూడదు. 100వ సెక్షన్ పోలీసులకు సంబంధించినది. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో, జైల్లో ఎట్టి పరిస్థితిలోనూ ఉంచకూడదు. ఇల్లూవాకిలీ లేని మనిషైతే మిస్సింగ్ కేసు కట్టి బంధువులను వెతకాలి. ఇవన్నీ తెలిసిన ఎస్సైలు ఉన్నారు. వాళ్ల ఇబ్బంది వేరు. ఆసుపత్రిలో అప్పగించుకునే మనిషి దొరికేదాకా ఇద్దరు కానిస్టేబుళ్లు బెంచీ మీద పడిగాపులు పడాలి. ఆ నిరీక్షణ అరగంటకు తగ్గితే పోలీసు జీపులు మానసిక రోగులను ఊరి పొలిమేర దాటించి రావడమూ తగ్గుతుంది.

అందరికన్నా ఎక్కువగా చెయ్యి జారిపోతున్నది మూడో ఇల్లు, ఆటిజం, మేధో వైకల్యం ఉన్న బిడ్డ ఇల్లు. పై చట్టంలో మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు వస్తాయి, బుద్ధిమాంద్యం రాదు. వైకల్యాన్ని రోగంగా చూడకూడదన్న ఉద్దేశం మంచిదే. ఆచరణలో అది ‘మా కేసు కాదు’ అనడానికి సాకవుతోంది. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు డిప్రెషన్, సైకోసిస్ రావని చట్టం చెప్పలేదు. వస్తే అందరితోపాటే వైద్యం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అర్ధరాత్రి ఆపదకు ఎవరు రావాలో మాత్రం ఏ జిల్లాలోనూ తేలలేదు.

మాటలు రాని 19 ఏళ్ల కుర్రాడు రెండు రోజులుగా తల గోడకేసి కొట్టుకుంటున్నాడంటే మొదట చూడాల్సింది మనసు కాదు: చెవి, పన్ను, మలబద్ధకం, మూత్రంలో మంట. ఫిట్స్ మందు అయిపోయి మూడు రోజులుగా వేయలేదేమో అడగాలి. ఈమధ్య మందు మార్చారా, బడి మారిందా, ఇంట్లో ఎవరైనా పోయారా? చెవిలో చీము చూడకుండా మత్తు ఇంజెక్షన్ చేస్తే ఆ రాత్రికి నిద్రపోతాడు, మర్నాడు లేచి మళ్లీ తల కొట్టుకుంటాడు. అంబులెన్సు వీధి చివరే సైరన్ ఆపాలి. ఇంట్లోకి నలుగురు కాదు, ఒక్కరే వెళ్లాలి, ఒక్కరే మాట్లాడాలి, చిన్న మాట చెప్పి మనసులో పది లెక్కపెట్టుకుని జవాబు కోసం ఆగాలి. తల్లిని బండిలోంచి దించకూడదు. చేతిలో ఉన్న తాడు ముక్కో, ప్లాస్టిక్ గిన్నో లాక్కోకూడదు, అతని ప్రాణమంతా దానిమీదే ఉంటుంది. బోర్లా పడేసి వీపు మీద కూర్చోవడం ఎప్పటికీ వద్దు, అలా ఊపిరాడక చనిపోతారు.

వైకల్య నిర్ధారణ క్యాంపులో సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే కుటుంబంతో కూర్చుని ఒక పేజీ రాయించవచ్చు: ఎలా చెబితే అర్థమవుతుంది, నొప్పి ఉంటే ఏం చేస్తాడు, దేనికి బెదురుతాడు, ఏ మందులు ఎన్ని మిల్లీగ్రాములు, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందు పడదు. ఒప్పుకున్న కుటుంబాల వరకే, ఆ పేజీ 108 తెరమీద ఆ ఫోన్ నంబరు రాగానే కనపడాలి. ఒప్పుకోనివాళ్ల వివరాలు ఎవరికీ వెళ్లకూడదు, పెన్షన్ దీనికి ముడిపెట్టకూడదు. సికింద్రాబాద్‌లో జాతీయ మేధో వైకల్యాల సంస్థ 1984 నుంచి ఉంది, 108 సిబ్బందికి శిక్షణ కోసం మనం రాష్ట్రం దాటి పోనక్కర్లేదు. ఇక తల్లికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరిన రోజున 40 ఏళ్ల కొడుకును ఎక్కడ ఉంచాలి? ఇదీ ఆపదే. 1999 జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుడిని నియమించగలదు, కానీ అది ఆ రాత్రికి తేలే పని కాదు. ప్రతి పాత జిల్లా కేంద్రంలో వారం పది రోజులు ఉంచుకోగల రెండు మూడు తాత్కాలిక పడకలు కావాలి.

అమెరికాలో, మన తెలుగువాళ్లూ బాగానే స్థిరపడిన జార్జియా రాష్ట్రం, 2009లో మానసిక వైద్యం, మత్తు విముక్తి, మేధో వైకల్య సేవలు ఈ మూడింటినీ ఒకే శాఖ కిందకు తెచ్చింది. ఒకే ఫోన్ లైను, అక్కడి నుంచే ఇంటికి వెళ్లే సంచార బృందం, ఏ కేంద్రంలో ఎన్ని పడకలున్నాయో చూపే తెర, అన్నీ ఒకే గదికి కలిపారు. మనం శాఖలను కలపనవసరం లేదు, అది ఏళ్లు పట్టే పని. ఆ గదిని మాత్రం తెచ్చుకోవచ్చు. పడకల తెరలో చూపాల్సింది ‘ఖాళీలు 6’ అని కాదు. ఆడ, మగ, 18 ఏళ్ల లోపు, మత్తు విముక్తి, ఆక్సిజన్ ఉన్నవి విడివిడిగా, డ్యూటీ డాక్టరు ఎవరు, చివరిసారి ఎప్పుడు నింపారు. షిఫ్టు మారే ప్రతిసారీ నింపాలి, 8 గంటలు దాటితే ఎర్రగా మారాలి. ఇక్కడ ఏం తప్పవుతుందో కూడా తెలుసు: వార్డువాళ్లు కేసులు రాకుండా ‘ఫుల్’ అని పెట్టేస్తారు. అందుకే ఆ అంకె వార్డు చేత్తో నింపేదిగా కాక, ఇన్‌పేషెంట్ చేరిక, డిశ్చార్జి నంబర్ల నుంచి తనంతట తానే వచ్చేలా ఉండాలి.

సంచార బృందం విషయంలో లెక్క తప్పకూడదు. వారానికి 168 గంటలు. సెలవులు, శిక్షణ తీసేస్తే ఒక ఉద్యోగి నికరంగా ఇచ్చేది దాదాపు 40 గంటలు. అంటే ఒక్క కుర్చీ రాత్రీపగలూ నిండాలంటే నలుగురు చాలరు, నర్సు, సోషల్ వర్కర్ కలిసి వెళ్లే జంటకు తొమ్మిది మంది కావాలి. జిల్లాకు ఒక పోస్టు మంజూరు చేసి ‘24 గంటల సేవ’ అని బోర్డు పెడితే ఆ ఒక్కరు ఆరు నెలల్లో మానేస్తారు. డబ్బు లేకపోతే సాయంత్రం 4 నుంచి రాత్రి 12 వరకు నడపండి, వారానికి 56 గంటలు, జంటకు ముగ్గురు సరిపోతారు. మిగతా సమయంలో ఫోన్ సలహా, 108. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో 10 పడకల వార్డు ఉండాలని ఇప్పటికే నిబంధన ఉంది. ఆ పదిలో రెండింటిని ఒక పగలూ ఒక రాత్రీ కనిపెట్టుకునే పడకలుగా వదిలితే, చాలామంది హైదరాబాద్ బండి ఎక్కాల్సిన పనే ఉండదు.

ఆఖరి మెట్టు దగ్గర అందరం విఫలమవుతున్నాం. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. తెలంగాణ రేటు జాతీయ సగటుకు రెట్టింపు పైనే. ఒకసారి ప్రయత్నించి బతికిన మనిషికి తర్వాతి రోజులు, వారాలే ఎక్కువ ప్రమాదం. మన దగ్గర పొట్ట కడిగి, పోలీసులకు వెళ్లే మెడికో లీగల్ కేసు (ఎమ్మెల్సీ) రాసి, నాలుగో రోజు ఇంటికి పంపుతారు. కేసు భయంతో ఇంటివాళ్లు ‘దగ్గు మందనుకుని తాగాడు’ అని రాయిస్తారు, దాంతో మానసిక వైద్యుడి దాకా కేసు పోనే పోదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తేనే 226 కింద నేరం. ఈ మాట క్యాజువాలిటీ గుమ్మంలోనే కుటుంబానికి నర్సు నోటితో చెప్పాలి. డిశ్చార్జి అయిన 24 గంటల్లో ఒక ఫోన్, ఏడు రోజుల్లోపు ఆశా కార్యకర్తతో కలిసి ఇంటికి ఒక రాక, ఇంట్లో పురుగుమందుకు తాళం పడిందో లేదో కంటితో చూడటం. ఫోన్ ఎత్తకపోతే ‘స్పందన లేదు’ అని మూసేయకుండా మర్నాడు ఊరికి వెళ్లాలి.

ఆరోగ్య, హోం, ఎక్సైజ్, వికలాంగుల సంక్షేమ శాఖలు కలిసి ఒక్క ఉత్తర్వు ఇచ్చి, ముందుగా ఒక్క ఉమ్మడి జిల్లాలో మూడు నెలలు నడిపి చూడాలని కోరుతున్నాం. మొదలుపెట్టాల్సింది ఆ అరపేజీ చీటీతో. ‘రిఫర్’ అన్న మాట కింద ఏడు గళ్లు ముద్రించండి: అవతల ఒప్పుకున్న డాక్టరు పేరు; ఫోన్ చేసిన సమయం; కేటాయించిన బెడ్ నంబరు; ఇచ్చిన మందు, మోతాదు, గంట; షుగరు, బీపీ, జ్వరం; తోడు వెళ్లే సిబ్బంది పేరు; ఏడో రోజు ఇంటికి ఎవరు వెళతారో వాళ్ల పేరు. మొదటి మూడు గళ్లు ఖాళీగా ఉంటే బండి కదలకూడదు, ప్రాణాపాయం ఉన్న కేసు తప్ప. మూడు నెలల తర్వాత ఆ చీటీలన్నీ కలెక్టరు ముందు పెట్టి, ఏ గడి ఎక్కువసార్లు ఖాళీగా మిగిలిందో లెక్కపెట్టించండి.

మానసిక వైద్యం, మత్తు విముక్తి, ప్రత్యేక విద్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం,
హనుమకొండ